దివిసీమకు అందిన సాయం: 1977 ఉప్పెన అనంతర పునర్నిర్మాణం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత కృష్ణా డెల్టాలోని దివిసీమకు దేశవిదేశాల నుంచి విస్తృతంగా సాయం అందింది. ఆ సాయం వేటిని లెక్కలోకి తీసుకుంది, వేటిని విడిచిపెట్టింది అన్నది ఈ వ్యాసంలో ప్రధానాంశం. పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవి దేశమైన టువాలు అనుభవాన్ని పోలికగా తీసుకొని, పునర్నిర్మాణంలో ఆస్తి, పరపతి, నిర్వహణ వ్యయం అనే అంశాలు ఎందుకు వెనుకబడ్డాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దివిసీమ, ఉప్పెన, విదేశీ సాయం, దత్తత గ్రామాలు, తుఫాను ఆశ్రయాలు, కరకట్ట, టువాలు.

1. ఉపోద్ఘాతం:

పులిగడ్డ దగ్గర కృష్ణానది పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న నేల దివిసీమ. ద్వీపశబ్దం నుంచి వచ్చిన దీవి, దివి అనే మాటలే ఈ ప్రాంతానికి పేరయ్యాయి. కాకతీయ గణపతిదేవుని సేనాని, నృత్తరత్నావళి కర్త అయిన జాయపుడు ఈ దీవిని ఏలిన అయ్య వంశంవాడు. గణపేశ్వరంలోని శా.శ. 1153 (క్రీ.శ. 1231) నాటి శాసనం ఆ వంశ చరిత్రకు ప్రధానాధారం. పద్దెనిమిదవ శతాబ్ది మధ్యలో ఈ దీవి మచిలీపట్నంతో పాటు ఫ్రెంచివారి చేతికీ, 1759 తరువాత ఆంగ్లేయుల చేతికీ వెళ్ళింది. అంటే బయటి ప్రపంచానికి దివిసీమ ఎన్నడూ అపరిచితం కాదు. అది మారుమూల ప్రాంతంగా కనిపించడం కాలువలు, రైళ్ళు, రోడ్లు విజయవాడను కేంద్రంగా చేసుకున్న తరువాతి మాట.

ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఉప్పెన తరువాతి రచనల్లో దివిసీమ తరచుగా ఒక 'వెనుకబడిన' ప్రాంతంగా, నిరాధారమైన తీరంగా కనిపిస్తుంది. ఏమీ లేని చోటికి ఏదో ఒకటి తెచ్చి ఇవ్వడమే సాయమన్న భావన ఆ వర్ణనలోనే ఇమిడి ఉంది. పసిఫిక్ దీవుల గురించి కూడా ఇటువంటి వర్ణనే చెలామణిలో ఉండేది. ఫిజీ రాజధాని సువాలోని దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎపెలి హౌఓఫా 1993లో దానిని గట్టిగా ప్రశ్నించారు. దీవులను దూరసముద్రంలో చెదిరిన చిన్న చుక్కలుగా చూడడం బయటివారి దృష్టి అనీ, అక్కడివారికి సముద్రమే దారి, సముద్రమే ఇరుగుపొరుగు అనీ ఆయన వాదం. దివిసీమ పల్లెకారులకు ఈ మాట కొత్తది కాదు.

2. ఉప్పెన, మృతుల లెక్క:

కృష్ణా తీరానికి తుఫానులు కొత్తవి కావు. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నంపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారని అంచనా. 1969లో రెండు తుఫానులు కోస్తాను దెబ్బతీసిన తరువాత తుఫాను నష్టాల నివారణపై ఒక ఉన్నతస్థాయి సంఘం ఏర్పడి నివేదిక ఇచ్చింది. ఆశ్రయ భవనాలు, హెచ్చరిక వ్యవస్థ, తీరవనాలు అవసరమన్న జ్ఞానం 1977 నాటికి కాగితం మీద లేకపోలేదు.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లని సాధారణంగా చెబుతారు. ఇక్కడ తీరం పొడవునా సముద్రగర్భం లోతు తక్కువ. నేల చాలా చదునుగా ఉంటుంది. తుఫాను గాలి తోసుకువచ్చిన నీటికి అడ్డుతగిలే మెట్ట గాని, గుట్ట గాని లేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళు కొద్ది గంటల్లో తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక మృతుల సంఖ్య పదివేలకు దగ్గరగా ఉంది. అనధికార అంచనాలు దానికంటె ఎక్కువ.

ఈ తేడా వెనుక ఒక సామాజిక కారణం ఉంది. నవంబరు వరికోతల కాలం. కోతలకని బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు పొలాల దగ్గరే పాకలు వేసుకొని ఉన్నాయి. వారి పేర్లు ఇక్కడి రేషన్ కార్డుల్లో లేవు, ఓటర్ల జాబితాల్లోనూ లేవు. పరిహారానికి గాని, ఇంటికి గాని ఆధారం ఊరి చిట్టా అయినప్పుడు, ఆ చిట్టాలో లేనివారు చావులోనూ లెక్కకు రాలేదు. సాయం అందే తీరును నిర్ణయించిన మొదటి గీత ఇదే.

3. సాయం వచ్చిన దారులు:

సాయమంటే విదేశీ సాయమొక్కటే కాదు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలె పట్టి ఊరూరా విరాళాలు పోగుచేశారు. ఈనాడు పాఠకుల విరాళాలతో రామకృష్ణ మిషన్ పాలకాయతిప్పలో ఇళ్ళు కట్టింది. మంత్రిగా ఉన్న మండలి వెంకటకృష్ణారావు సొంత నియోజకవర్గం అవనిగడ్డ కావడంతో ప్రభుత్వ యంత్రాంగానికీ స్వచ్ఛంద సంస్థలకూ నడుమ వారధిగా పనిచేశారు. మదర్ థెరీసా దివిసీమకు వచ్చారు. ఆక్స్‌ఫామ్ వంటి అంతర్జాతీయ సంస్థలు, కాసా వంటి క్రైస్తవ సేవాసంస్థలు, వాటి వెనుక ఐరోపా చర్చిల నిధులు ఉన్నాయి. గుంటూరు కేంద్రంగా 1969 తుఫాను నాటి నుంచి గ్రామ పునర్నిర్మాణంలో ఉన్న బెల్జియం జెసూట్ మిషెల్ విండీ సంస్థ ఉంది. మరోవైపు రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ కట్టించిన ఊరికి దీనదయాళ్‌పురం అన్న పేరు వచ్చింది. ఒకే తీరంలో, ఒకే ఏడాదిలో, ఇంత భిన్నమైన విశ్వాసాలవారు పక్కపక్కన ఇటుకలు పేర్చిన సందర్భం ఆంధ్రదేశ చరిత్రలో మరొకటి చూపడం కష్టం. వారి మధ్య పోటీ, పరస్పర అనుమానం కూడా ఉండేవి. అది సహజమే.

విదేశీ నిధుల చట్టపరమైన నేపథ్యం ఇక్కడ గమనార్హం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో వచ్చింది. తొలిరోజుల్లో అది ప్రధానంగా అందిన సొమ్ము వివరాలు ప్రభుత్వానికి తెలియజేయమని కోరింది. నమోదు తప్పనిసరి అయింది 1984 సవరణతో. కనుక 1977–80 మధ్య దివిసీమకు నిధులు సాపేక్షంగా సులువుగా చేరగలిగాయి. విజయవాడ, గుంటూరు పట్టణాలలో 1980లలో పెరిగిన స్వచ్ఛంద సంస్థల చరిత్రను ఈ వెసులుబాటు నుంచి విడదీసి చూడలేం.

సంస్థల నడుమ పని పంచుకోవడానికి అనుసరించిన పద్ధతి గ్రామాల దత్తత. ఫలానా ఊరు ఫలానా సంస్థది. పరిపాలనకు ఇది సౌకర్యంగా ఉంది. 'దత్తత' అన్న మాటను మాత్రం కొంచెం నిలిచి చూడాలి. మన ధర్మశాస్త్రాలలోనూ, లోకవ్యవహారంలోనూ దత్తత వచ్చిన బిడ్డకు ఇంటి ఆస్తిలో హక్కు ఉంటుంది. దత్తత ఊరికి అటువంటి హక్కేదీ లేదు. తాళంచెవులు అప్పగించిన రోజున సంస్థ బాధ్యత తీరిపోయింది. ఊరికి మిగిలింది కొత్త పేరు, శిలాఫలకం, ఇళ్ళు.

4. లెక్కకు వచ్చిన ఇల్లు, రాని అప్పు:

పునర్నిర్మాణానికి ఇల్లే కొలమానమైంది. ఇందుకు మంచి కారణాలే ఉన్నాయి. కళ్ళముందు కూలిపోయింది ఇల్లు. దాతకు ఫోటో తీసి పంపగలిగేది ఇల్లు. ఇంజనీరు అంచనా వేయగలిగేదీ ఇల్లే. తాటాకు పాకల స్థానంలో కాంక్రీటు కప్పుతో వరుసగా కట్టిన చిన్న ఇళ్ళు 'కాలనీ' అన్న పేరుతో దివిసీమ భాషలో స్థిరపడ్డాయి.

వీటిని తక్కువచేసి చెప్పడం న్యాయం కాదు. ఇంటిస్థలానికి పట్టా దొరకడమే అనేక దళిత, యానాది, పల్లెకారు కుటుంబాలకు పెద్ద మార్పు. భూస్వామి గట్టు మీద పాక వేసుకొన్నవాడు ఏదో ఒకనాడు లేచిపొమ్మంటే లేవవలసినవాడే. సొంత స్థలం ఉన్నవాడి మాటతీరే వేరు. ఒకప్పటి చల్లపల్లి జమీందారీ భూముల మీద దశాబ్దాల పాటు పోరాటాలు నడిచిన ఈ తాలూకాలో, సెంట్ల లెక్కన అయినా నేల చేతికి రావడం చిన్న సంగతి కాదు.

అయితే బతుకుతెరువు ఇంట్లో లేదు. పొలంలో, పడవలో, కాలువ నీటిలో, సావుకారు పద్దులో ఉంది. పీటర్ వించెస్టర్ 1977 నుంచి 1988 వరకు దివి ప్రాంతాన్ని అనుసరించి చేసిన పరిశోధన 1992లో గ్రంథంగా వెలువడింది. సముద్రానికి ఎంత దగ్గరగా ఉన్నారన్న దానికంటె, ఉప్పెనకు ముందు ఆ కుటుంబానికి భూమి, పశువులు, అప్పు పుట్టే పరపతి ఎంత ఉన్నాయన్నదే కోలుకొనే శక్తిని నిర్ణయించిందన్నది దాని సారాంశం. ఆస్తి ఉన్నవాడు కొద్ది పంటలతో నిలదొక్కుకున్నాడు. లేనివాడు కొత్త కాంక్రీటు ఇంట్లో పాత అప్పుతో మొదలుపెట్టాడు. సంస్థల సాయం అందరికీ ఒకే కొలతలో అందిన చోట కూడా ఫలితం ఒకే కొలతలో రాలేదు. పరిశోధకుడు తన గ్రంథానికి పెట్టిన పేరులో అధికారం, ఎంపిక అన్న మాటలు ఉండడం యాదృచ్ఛికం కాదు. ఎంపిక చేసుకొనే అవకాశమే ఉన్నవారికీ లేనివారికీ గల తేడా.

పల్లెకారుల సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. పడవలు, వలలు ఇచ్చిన సంస్థలు ఉన్నాయి. కాని పడవ చేతికొచ్చినంత మాత్రాన చేప ధర చేతికి రాదు. వేటకు పోవడానికి పెట్టుబడి ఇచ్చిన వ్యాపారికే సరుకు పోయాలన్న కట్టుబాటు ఉన్నంతకాలం, ధర నిర్ణయించేది ఆ వ్యాపారే. ఆ కట్టు తెంచడానికి ఒక్కసారి ఇచ్చే దానం చాలదు. వేట లేని నెలల్లో కూడా తక్కువ వడ్డీకి అప్పు దొరికే ఏర్పాటు కావాలి. అది ఏళ్ళ తరబడి సాగవలసిన పని కనుక రెండు మూడేళ్ళ ప్రాజెక్టులో ఇమడలేదు.

ఉప్పెనపై సామాజికశాస్త్ర గ్రంథాలు వెలువడ్డాయి. స్టీఫెన్ కోహెన్, సి.వి. రాఘవులు కలిసి 1979లో ప్రచురించిన అధ్యయనం వాటిలో ముఖ్యమైనది. అయితే పాలనావ్యవస్థ స్వభావం గురించి అందరికంటె తీవ్రంగా మాట్లాడింది కవిత్వం. నగ్నముని కొయ్యగుర్రం ఈ ఉప్పెన నుంచే పుట్టిన దీర్ఘకావ్యం. సాహిత్య విమర్శలో దానిని వ్యవస్థపై ధిక్కారంగా చదవడం పరిపాటి. అది సరైనదే. దానిని చరిత్రాధారంగా కూడా చదవవచ్చునన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. మనుషులను కాపాడవలసిన యంత్రాంగం ప్రాణంలేని కొయ్యగా కనిపించిన కాలం అది. నివేదికల్లో ఉండే కర్మణి వాక్యాల నడుమ ఆ అనుభవం వినిపించదు.

5. టువాలు: ఒక పోలిక

1978 అక్టోబరు 1న స్వతంత్రమైన టువాలు జనాభా ఇప్పటికీ సుమారు 11,000. దివి ఉప్పెనలో పోయినవారి అధికారిక సంఖ్య దాదాపు ఒక టువాలు అంత అని గుర్తుంచుకుంటే పరిమాణం బోధపడుతుంది. పగడపు దిబ్బల మీద నిలిచిన ఆ దేశానికి నదులు లేవు, గనులు లేవు. పసిఫిక్ దీవుల ఆర్థిక వ్యవస్థలను వివరించడానికి జెఫ్ బెర్ట్రమ్, రే వాటర్స్ అనే న్యూజిలాండ్ పండితులు 1985లో ఒక నమూనా ప్రతిపాదించారు. వలస, వలసవెళ్ళినవారు పంపే డబ్బు, విదేశీ సాయం, ప్రభుత్వోద్యోగం – ఈ నాలుగింటి మీదే ఇటువంటి దేశాలు నడుస్తున్నాయని వారి నిర్ధారణ. ఆంగ్లపదాల మొదటి అక్షరాలను కలిపి దీనిని 'మిరాబ్' అంటారు.

టువాలు ప్రత్యేకత 1987లో ఉంది. ఏటా బడ్జెట్ లోటు పూడ్చమని దాతలను అర్థించడానికి బదులు, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల విరాళాలతోనూ తన వాటాతోనూ సుమారు 2 కోట్ల 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల మూలనిధి ఏర్పాటు చేసుకుంది. అసలు కదలకుండా రాబడి నుంచి రోజువారీ ఖర్చులకు వాడుకోవాలన్నది నియమం. ఆ నిధి ఆ దేశం కష్టాలన్నీ తీర్చిందని కాదు. సముద్రమట్టం పెరుగుదలకు మూలనిధి అడ్డుకట్ట కాదు. కాని ఒక ప్రశ్నను మాత్రం అది సూటిగా పట్టుకుంది. కట్టిన తరువాత ఎవరు చూసుకుంటారు? మరమ్మతు సొమ్ము ఏ పద్దులోంచి వస్తుంది?

ఒక స్వతంత్ర దేశాన్నీ, ఒక జిల్లాలోని సీమనూ ఒకే త్రాసులో తూచలేమన్న అభ్యంతరం సరైనదే. టువాలుకు తన సంతకంతో ఒప్పందం చేసుకొనే అధికారం ఉంది. దివిసీమకు లేదు. దాని తరఫున మాట్లాడేది జిల్లా యంత్రాంగం, రాష్ట్ర ప్రభుత్వం, దాతృసంస్థ. ఈ పోలిక వల్ల ప్రయోజనం కూడా అక్కడే ఉంది. సాయం అందుకొనేవారికి షరతులు మాట్లాడుకొనే హోదా ఉన్నప్పుడు నిర్వహణ గురించిన ప్రశ్న ముందే వస్తుంది. లేనప్పుడు కట్టడం పగుళ్ళు పట్టాక వస్తుంది.

6. ఆశ్రయాలు, కరకట్ట:

తుఫాను ఆశ్రయాల చరిత్ర దీనికి ప్రత్యక్ష సాక్ష్యం. స్తంభాల మీద లేపి కట్టిన ఈ భవనాలు మామూలు రోజుల్లో బడిగానో, సమావేశ మందిరంగానో ఉపయోగపడాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. ఉప్పుగాలి తగిలే చోట కాంక్రీటు లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పై పొర పెచ్చులూడుతుంది. మొదట్లోనే చిన్న మరమ్మతు చేస్తే ఆగేది, పదేళ్ళు వదిలేస్తే కప్పు ప్రమాదకరమవుతుంది. ఆ చిన్న మరమ్మతుకు బాధ్యులెవరు? బడి నడిపే విద్యాశాఖా, విపత్తులు చూసే రెవెన్యూ శాఖా, పంచాయతీయా? కట్టిన సంస్థ పుస్తకాల్లో ప్రాజెక్టు ఎప్పుడో ముగిసింది. తుఫాను రాత్రి జనం ఎక్కడానికి భయపడే తుఫాను ఆశ్రయం కంటె విచిత్రమైన ఆస్తి మరొకటి ఉండదు.

1990 మే 9న కృష్ణా ముఖద్వార ప్రాంతంలో మరో తీవ్ర తుఫాను తీరం దాటింది. మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉంది. లక్షలాది జనాన్ని ముందుగా తరలించగలగడం, మచిలీపట్నం రాడారు, ఉపగ్రహ హెచ్చరికలు, మెరుగైన రోడ్లు దీనికి కారణాలు. అంటే ప్రాణరక్షణలో అతిపెద్ద మెట్టును ఎక్కించినవి ఏడాది పొడవునా జీతాలిచ్చి నడిపే ప్రభుత్వ వ్యవస్థలు. వాటికి ప్రారంభోత్సవ ఫోటో ఉండదు, నిర్వహణ పద్దు ఉంటుంది. ఆ తుఫాను తరువాతా, 1996 కోనసీమ తుఫాను తరువాతా ప్రపంచబ్యాంకు రుణంతో పునర్నిర్మాణ పథకాలు వచ్చాయి. సాయం స్వభావం ఇక్కడ మారింది. దానం స్థానంలో రుణం, సంస్థ స్థానంలో ప్రభుత్వ శాఖ వచ్చాయి. 2010 తరువాతి జాతీయ తుఫాను ప్రమాద నివారణ పథకంలో ఆశ్రయాలకు స్థానిక నిర్వహణ సంఘం, మూలనిధి అన్న ఆలోచన చోటుచేసుకుంది. టువాలు 1987లో అడిగిన ప్రశ్న మన తీరానికి చేరడానికి ఇంతకాలం పట్టింది.

కరకట్టది మరింత చిక్కైన కథ. సముద్రపు పోటు పొలాల్లోకి రాకుండా కట్టిన మట్టికట్ట, వాననీరు బయటికి పోవడానికి దానిలో అమర్చిన తూములు కలిసి ఒకే యంత్రంగా పనిచేయాలి. తూము తలుపు తుప్పుపట్టి మూసుకోకపోతే పోటునీరు లోపలికి ఎగదన్నుతుంది. తెరుచుకోకపోతే వరి మునుగుతుంది. శివారు ఆయకట్టుకు మంచినీరు తగ్గినకొద్దీ ఉప్పు పైకి తేలుతుంది. కృష్ణపై ఎగువన కట్టిన జలాశయాల ప్రభావం, 2015 నుంచి పట్టిసీమ ద్వారా వస్తున్న గోదావరి నీళ్ళు – ఈ లెక్కలన్నీ చివరకు నాగాయలంక, కోడూరు మండలాల చివరి కాలువల్లో తేలతాయి.

ఉప్పుదేరిన పొలాన్ని రొయ్యల చెరువుగా మార్చడం 1980ల చివరి నుంచి వేగం పుంజుకుంది. తీరప్రాంత రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు, అదే దశకంలో వచ్చిన తెల్లమచ్చ వ్యాధి దానిని కొంత ఆపాయే గాని నిలపలేదు. చెరువు యజమానికి ఇది అభివృద్ధే. కోతలకు వెళ్ళే కూలీకి మాత్రం పనిదినాలు తగ్గాయి. మడ అడవి నరికిన చోట అలకు అడ్డు తగ్గింది. ఉప్పెన తరువాత విదేశీ సాయంతో కట్టిన కాలనీ ఇంటి గుమ్మం దాకా చెరువు గట్టు వచ్చినప్పుడు, ఆ ఇంటివాడికి అందిన సాయం విలువ ఎంతన్నది మళ్ళీ లెక్క వేయవలసిన సంగతి.

2020 సవరణతో ఒక సంస్థ అందుకొన్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమైంది. పెద్ద సంస్థల ద్వారా నిధులు పొందే చిన్న గ్రామీణ సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. దీని మంచిచెడ్డలపై వాదం ఎలా ఉన్నా, 1977 నాటి తరహా సాయం మళ్ళీ రాదన్నది స్పష్టం. 2013 నవంబరులో మచిలీపట్నం సమీపంలో తీరం దాటిన హెలెన్, 2023 డిసెంబరులో బాపట్ల వద్ద దాటిన మిచౌంగ్ తుఫానుల నాటికి భారం దాదాపు పూర్తిగా ప్రభుత్వం మీదే ఉంది.

7. పరిశోధనకు మిగిలినవి:

దివిసీమ సాయం చరిత్రను ఇంతవరకు ఎక్కువగా ఆంగ్లంలో, దాతల నివేదికల ఆధారంగా రాశారు. దత్తత గ్రామాలకూ సంస్థలకూ మధ్య జరిగిన ఒప్పందాలు, ఇంటిస్థలాల పట్టా రిజిస్టర్లు, పడవలు అందుకొన్నవారి జాబితాలు, కోతకూలీల సొంత ఊళ్ళలోని జ్ఞాపకాలు – వీటిని తెలుగులో సేకరించి, ఊరివారీగా సరిపోల్చే పని జరగాలి. విదేశీ సంస్థల కాగితాలు చాలావరకు వాటి కేంద్ర కార్యాలయాలున్న దేశాల్లో వెతకవలసినవి. కాగితాలకు కొంత వ్యవధి ఉంది. మనుషులకు లేదు. ఉప్పెన నాటికి ఇరవయ్యేళ్ళున్నవారికి ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతోంది. తమకు ఎవరు ఏమిచ్చారో, దాని కోసం ఏ వరుసలో ఎన్నాళ్ళు నిలబడ్డారో, ఇచ్చినదాంట్లో ఏది నిలిచిందో చెప్పగలిగినవారు వారే. సొర్లగొంది, ఎదురుమొండి, పాలకాయతిప్పల నుంచి ఆ వాంగ్మూలాల సేకరణ మొదలుపెట్టవచ్చు.